అద్దె ఫ్లాట్‌లో ఇంటర్నెట్: ప్లాన్ కంటే ముందు చూడాల్సింది తీగ

క్లుప్తంగా: అద్దె ఫ్లాట్‌లో నెట్ ఎంత బాగా పనిచేస్తుందన్నది కొనే ప్లాన్ కంటే ఆ భవనంలోకి ఏ తీగ వచ్చింది, అది ఏ గదిలో తేలింది అన్న విషయాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ రెండింటినీ మార్చే అధికారం అద్దెకున్నవారికి సాధారణంగా ఉండదు. అందుకే అసలు ప్రశ్నలు ఒప్పందం మీద సంతకానికి ముందే అడగాలి. దిగాక చేతిలో మిగిలేవి రూటర్ పెట్టే చోటు, గదుల మధ్య కేబుల్, వైఫై సెట్టింగులు.

94 దగ్గర ఆగిపోయే స్పీడ్

తీసుకున్నది 300 ఎంబీపీఎస్ ప్లాన్. కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేస్తే 94. రూటర్ ఆపి మళ్లీ వేసినా 94, పొద్దున చూసినా రాత్రి చూసినా 94. ఫిర్యాదు చేస్తే ‘మా వైపు అంతా బాగానే ఉంది’ అన్న జవాబు వస్తుంది. చాలాసార్లు ఆ జవాబు నిజమే. తప్పు ఎక్కడుందో ఆ 94 అనే అంకే చెబుతోంది.

నెట్‌వర్క్ కేబుల్ లోపల 8 సన్నని తీగలుంటాయి. రెండేసి చొప్పున మెలిపెట్టిన 4 జతలు. 1 గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ పనిచేయాలి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. క్లిప్పు దగ్గర ఒక తీగ విరిగినా, గోడ సాకెట్‌లో ఒకటి సరిగ్గా కూర్చోకపోయినా కనెక్షన్ పూర్తిగా తెగిపోకపోవచ్చు. చాలా పరికరాలు మిగిలిన జతలతో సర్దుకుని చప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. ప్యాకెట్ అనే ప్రతి డేటా ముక్కతో పాటు మోయాల్సిన చిరునామాలు, లెక్కల ఖర్చు అందులోంచే పోగా అసలు డేటాకి మిగిలేది 94 లేదా 95. ప్లాన్‌ను 500కి పెంచుకున్నా వచ్చేది ఇదే. మోడెంకీ రూటర్‌కీ మధ్య ఉన్న జానెడు కేబుల్ మారిస్తే ఆ రోజే తీరిపోవచ్చు.

నెట్ గురించిన గందరగోళమంతా దాదాపు ఈ తీరులోనే ఉంటుంది. కంపెనీ కేంద్రం నుంచి చేతిలోని ఫోను దాకా డేటా నాలుగైదు చోట్ల చేతులు మారుతుంది. వాటిలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఎంతో స్పీడూ అంతే. సొంత ఇంట్లో అయితే ఆ ఇరుకు ఎక్కడున్నా పగలగొట్టి సరిచేసుకోవచ్చు. అద్దె ఇంట్లో వీధి తీగ కంపెనీది, తీగలు పైకి వెళ్లే డక్ట్ భవనానిది, గోడ ఓనరుది, గోడలో వేలాడుతున్న పాత కేబుల్ ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయినవారిది. అద్దెకున్నవారిదంటూ చెప్పుకోదగ్గది చివరి పది మీటర్లే.

భవనంలోకి వచ్చే తీగల్లో తేడాలు

ప్రకటనల్లో అన్నిటినీ ‘ఫైబర్’ అనే అంటారు. అయితే ఫైబర్ ఎక్కడిదాకా వస్తుందన్నదే అసలు సంగతి.

ఇంటి లోపలిదాకా వచ్చే ఫైబర్‌లో వెంట్రుక మందం గాజు తీగ ఫ్లాట్‌లో, కాంతిని నెట్ సిగ్నల్‌గా మార్చే ఓఎన్‌టీ అనే చిన్న పెట్టెలో దిగుతుంది. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ సామర్థ్యం కిందికి 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు. దాన్ని స్ప్లిట్టర్ అనే గాజు పరికరం 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తి వేగం లాగితే తలా 78 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. అలా అందరూ ఒకేసారి లాగే క్షణాలు అరుదు కాబట్టే 300, 500 ప్లాన్లు అమ్మడం సాధ్యమవుతోంది. కొత్తగా వేస్తున్న ఎక్స్‌జీఎస్-పాన్‌లో రెండు వైపులా 10 గిగాబిట్లు ఉంటాయి.

రెండో రకంలో ఫైబర్ భవనం కింది అంతస్తులో, నెట్‌ను ఫ్లాట్లకు పంచే స్విచ్ అనే పెట్టె దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఫ్లాట్‌కి మామూలు నెట్‌వర్క్ కేబుల్. ఇది తక్కువ రకమేమీ కాదు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోస్తుంది. దీని బలహీనత వేరే చోట ఉంది. కింద ఉన్న స్విచ్‌కి కరెంట్ కావాలి. కరెంట్ పోతే ఫ్లాట్‌లో ఎంత బ్యాకప్ ఉన్నా ఫలితం లేదు. స్ప్లిట్టర్‌కి కరెంటుతో పనిలేదు, అది కాంతిని పంచే గాజు మాత్రమే. పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఇంకా అక్కడే ఉంటే పైన ఏ ప్లాన్ తీసుకున్నా మళ్లీ 94 దర్శనమిస్తుంది.

టీవీ కేబుల్ మీద వచ్చే నెట్‌లో డౌన్‌లోడ్ ధారాళంగానే ఉంటుంది, అప్‌లోడ్ ఇరుకు. ఒక పేటలోని ఇళ్లన్నీ ఒకే దారిని పంచుకోవడం వల్ల రాత్రి వేళ మందగించడం ఇందులో మామూలు. టెలిఫోన్ తీగ మీద నడిచే వీడీఎస్‌ఎల్‌కి దూరమే శత్రువు. వీధిలోని కంపెనీ పెట్టెకి (క్యాబినెట్‌కి) 300 మీటర్ల లోపు ఉంటే 100 ఎంబీపీఎస్‌కి దగ్గరగా రావచ్చు, కిలోమీటరున్నర దాటితే పాత ఏడీఎస్‌ఎల్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు. తీగే లేని 4జీ, 5జీ హోమ్ కనెక్షన్ కిటికీ ఏ దిక్కుకుంది, టవర్ ఎటుంది అన్న వాటిమీద నడుస్తుంది. ఆరు నెలల అద్దెకి, గోడ ముట్టుకోవద్దనే ఓనరుకి ఇదే సరిపోతుంది. ఆటలు ఆడేవారికి, రోజంతా వీడియో కాల్స్‌లో ఉండేవారికి దీన్ని మొదటి ఎంపికగా చెప్పలేం. వేగం ఉన్నా జాప్యం నిలకడగా ఉండదు.

సంతకానికి ముందు

ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు నీళ్లు, వెలుతురు చూసినట్టే నెట్ తీగ ఎక్కడ తేలిందో చూడాలి. గోడ కింది భాగంలో చిన్న తెల్ల పెట్టె, అందులో ఆకుపచ్చ మూతి కనెక్టర్ ఉంటే అది ఇంటిదాకా వచ్చిన ఫైబర్. మధ్యలో సూది లాంటి రాగి తీగ, చుట్టూ మర ఉంటే టీవీ కేబుల్. వెడల్పాటి చదరపు రంధ్రంలో 8 బంగారు రంగు గీతలు కనిపిస్తే నెట్‌వర్క్ సాకెట్. సాకెట్ ఉన్నంత మాత్రాన దాని రెండో కొస ఎక్కడికో వెళ్లి కలిసిందని అనుకోకూడదు. ముఖద్వారం పక్కనున్న ఇనుప పెట్టె తెరిచి చూస్తే, గదుల నుంచి వచ్చిన కేబుళ్లు క్లిప్పులు కూడా లేకుండా మొండిగా చుట్టచుట్టి ఉండటం సాధారణమే. అలా ఉన్నా నష్టం లేదు. గోడలో కేబుల్ ఉందంటేనే సగం పని అయినట్టు, క్లిప్పులు బిగించడం గంట పని.

‘ఇక్కడ ఏ కంపెనీ వస్తుంది?’ అని ఓనరుని అడిగితే ఆయనకు తెలిసిన ఒక పేరు చెబుతాడు. కంపెనీ వెబ్‌సైట్‌లో చిరునామా కొట్టి చూస్తే వీధి వరకే నమ్మదగిన సమాధానం వస్తుంది. పక్కాగా తెలిసేది అదే వరుసలో పైనో కిందో ఉంటున్నవారి దగ్గర. వారిని అడగాల్సింది ‘స్పీడ్ ఎంత’ అని కాదు. రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ ఆగుతుందా, పోయినసారి తెగిపోయినప్పుడు ఎన్ని రోజుల్లో బాగుచేశారు అని. భవనంలో రెండు కంపెనీల తీగలుంటే అదే పెద్ద భరోసా, ఒకటి విసిగిస్తే రెండోదానికి మారిపోవచ్చు.

‘పక్క ఫ్లాట్‌కి ఉంది, మాకు కుదరదంటున్నారు’ అన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. దీని వెనక కుట్రేమీ లేదు. అంతస్తులో ఉండే పంపిణీ పెట్టెలో 8 లేదా 16 పోర్టులే ఉంటాయి. అవన్నీ నిండిపోతే కొత్త కనెక్షన్‌కి చోటుండదు. ఎప్పుడో ఖాళీ చేసినవారి తీగలు తీసేయకపోవడం వల్ల నిండినట్టు కనిపించడమూ ఉంటుంది. ఆ ఫ్లాట్‌కే పాత కనెక్షన్ ఉండి ఉంటే, పాత ఖాతా నంబరు లేదా ఓఎన్‌టీ అడుగున ముద్రించిన సీరియల్ నంబరు చెప్పి ఆ పోర్టే ఇమ్మని అడగొచ్చు. అది తెలిస్తే టెక్నీషియన్ వెతుకులాట తప్పుతుంది, కొత్త రంధ్రం కూడా తప్పుతుంది.

రంధ్రం తప్పనప్పుడు ఓనరు అనుమతి రాతలో ఉండాలి, మెసేజ్ రూపంలో అయినా సరే. ‘నెట్ పెట్టించుకోండి’ అన్నంత మాత్రాన గోడ తొలిచేందుకు ఒప్పుకున్నట్టు కాదు. ఏ గోడకి, ఎన్ని, ఖాళీ చేసేటప్పుడు పూడ్చాలా వద్దా అన్నది అందులో రావాలి. ఇంట్లోకి తెచ్చే చదునైన ఫైబర్ కేబుల్ 2, 3 మిల్లీమీటర్లే. కనెక్టర్‌ను లోపలికొచ్చాక బిగించే పద్ధతైతే 6 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, ముందే బిగించి తెచ్చే కేబుల్‌కి పెద్దది కావాలి. బయటి గోడకైతే రంధ్రం బయటివైపు కొద్దిగా కిందికి వాలేలా తొలవాలి. కేబుల్ లోపలికి దూరే ముందు చిన్న లూపులా కిందికి జారాలి. లేకపోతే వాన నీరు కేబుల్ వెంట నేరుగా గదిలోకి నడిచి వస్తుంది, తడి మరక పడ్డాక డిపాజిట్ లెక్కల్లో దాని సంగతి తేలుతుంది.

అద్దెలోనే నెట్ కలిపి ఇస్తే

దీన్ని ఉచితంగా వచ్చిన సౌకర్యమని వెంటనే ఒప్పుకోవడం తొందరపాటు. ఒకే కనెక్షన్‌ను భవనమంతటికీ పంచితే రూటర్ పాస్‌వర్డ్ ఓనరు చేతిలో ఉంటుంది. పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా అడ్డుగోడ పెడితే ఫోను నుంచి టీవీకి పంపడం, వైఫై ప్రింటర్ రెండూ పనిచేయవు. అడ్డుగోడ పెట్టకపోతే ఇంకా ఇబ్బంది, పక్క ఫ్లాట్‌వారి ప్రింటర్ మన ఫోనులో కనిపిస్తుంది. ఇలాంటిచోట గోడ సాకెట్‌కి సొంత రూటర్ తగిలించి దాని వెనక ఉండటం మేలు. రెండు రూటర్లు వరుసగా ఉండటం వల్ల కొన్ని ఆటలకు, ఇంట్లోని కెమెరాను బయటి నుంచి చూడటానికి అడ్డంకి రావచ్చు, బ్రౌజింగ్‌కీ సినిమాలకీ ఏమీ కాదు. సొంత కనెక్షన్ విడిగా పెట్టించుకునే స్వేచ్ఛ ఒప్పందంలో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ప్లాన్‌లోని అంకెలు

ప్లాన్‌లో చెప్పేది బిట్లలో, ఫైళ్ల సైజు చూపేది బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్, 4కేకి 25 ఉంటే హాయిగా నడుస్తుంది. ముగ్గురు నలుగురున్న ఇంటికి 100 తక్కువేం కాదు. అంతకు మించి కొనేది పెద్ద ఫైళ్లు దిగేటప్పుడు మిగిలే నిమిషాల కోసమే.

అప్‌లోడ్ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది, వీడియో కాల్‌లో అవతలివారికి ముఖం మసకగా కనిపించేది దానివల్లే. డేటా పరిమితి ఉంటే లెక్క ఇలా వేసుకోవచ్చు: గంట హెచ్‌డీ వీడియోకి 2.25 జీబీ, గంట 4కేకి 11 జీబీ. ‘అపరిమితం’ అన్న మాట పక్కన ఎన్ని జీబీల తర్వాత ఎంత వేగానికి దించుతారో వెతకాలి. అద్దెదారుకి వీటన్నిటికంటే ముఖ్యమైన అంకె కనీస కాలం. 11 నెలల అద్దె ఒప్పందానికి 24 నెలల నెట్ ఒప్పందం అతకదు. కొత్త చిరునామాకి మార్చుకునే వీలు ఉందా, అక్కడ వారి తీగ లేకపోతే మధ్యలో వదిలేసినందుకు ఏమైనా కట్టాలా అన్నది ముందే అడగాలి.

మరో విషయం అవసరమున్నవారికే. రూటర్‌లో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఒకే అసలు చిరునామాను అనేక ఇళ్లు పంచుకుంటున్నాయని అర్థం. ఇంట్లో సర్వర్ నడిపేవారు, బయటి నుంచి నేరుగా ఇంటి కంప్యూటర్‌లోకి రావాలనుకునేవారు విడి చిరునామా దొరుకుతుందేమో అడగాలి. మిగతావారికి ఈ తేడా తెలియనే తెలియదు.

టెక్నీషియన్ వచ్చిన రోజు

ఆ గంటలో తీసుకునే నిర్ణయాలు అద్దె కాలమంతా వెంట ఉంటాయి. టెక్నీషియన్‌కి దగ్గరి దారి తలుపు పక్కనే ఉంటుంది, ఓఎన్‌టీని చెప్పుల అల్మరా పైన పెట్టేసి వెళ్లిపోవడం ఆయనకు సులువు. వైఫైకి కావాల్సింది ఇంటి మధ్య. ఫైబర్‌ను గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ వెంట మరో ఏడెనిమిది మీటర్లు లాగించడం ఆ రోజు చిన్న పని, తర్వాత మళ్లీ పిలిస్తే పెద్ద పని. అది కుదరకపోతే ఓఎన్‌టీని తలుపు దగ్గరే ఉంచి, రూటర్‌ను మాత్రం నెట్‌వర్క్ కేబుల్‌తో హాల్లోకి తేవచ్చు.

ఫైబర్ వంకర తిరిగే చోట మడత పడకూడదు. ఇళ్లలో వాడే రకాలు 7.5 నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా ఓర్చుకుంటాయి. మూల దగ్గర బొటనవేలు చుట్టూ తిప్పినంత గుండ్రంగా ఉంటే భయం లేదు. తలుపు సందులో నలిగినా, మేకు కింద బిగిసినా కాంతి కారిపోతుంది. ఆకుపచ్చ కనెక్టర్ మొన 8 డిగ్రీల వాలుతో కోసి ఉంటుంది, నీలం కనెక్టర్ మొన చదునుగా ఉంటుంది. ఒకదాన్నొకటి గుచ్చితే లోపలికి వెళ్తాయి కానీ మధ్యలో సందు మిగిలి కాంతి బాగా తగ్గిపోతుంది. ‘నిన్నటిదాకా బాగుంది, రూటర్ జరిపాక పోయింది’ అన్న సందర్భాల్లో ముందు చూడాల్సింది ఈ మడతనీ, మొననీ. కనెక్టర్ ఊడదీసినప్పుడు మొనను వేలితో ముట్టుకోకూడదు, కంటికి ఎదురుగా పెట్టి చూడకూడదు. అందులోని 1490 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు కాబట్టే జాగ్రత్త అవసరం.

వచ్చే కాంతి బలాన్ని టెక్నీషియన్ చిన్న మీటర్‌తో కొలుస్తారు. అది డీబీఎం అనే రుణ సంఖ్యల్లో ఉంటుంది, 3 తగ్గిన ప్రతిసారీ కాంతి సగమైనట్టు. -15 నుంచి -24 మధ్య ఉంటే బాగున్నట్టు. సాధారణ జీపాన్ పరికరం -27 వరకు చదవగలదు. -26 దగ్గర వదిలేసి వెళ్తే ఆ రోజు పనిచేస్తుంది, కనెక్టర్ మీద కాస్త దుమ్ము పడ్డ రోజున ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ అంకెను రాసిపెట్టుకోవాలి. తర్వాత తగువు వస్తే ‘మొదటి రోజు -19, ఇప్పుడు -26’ అనడానికి మించిన ఫిర్యాదు లేదు. చాలా ఓఎన్‌టీల్లో 192.168.1.1 లేదా 192.168.100.1 పేజీ తెరిస్తే ఈ అంకె కనిపిస్తుంది.

ఆయన వెళ్లేలోగా తీసుకోవాల్సినవి ఇంకో మూడున్నాయి. కనెక్షన్ పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి మీద నడిస్తే దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. లైన్‌లో ఈ కనెక్షన్‌ను గుర్తించే వీల్యాన్ నంబరు ఉంటే అది. కేబుల్ పెట్టి చేసిన స్పీడ్ టెస్ట్ ఫలితం. మొదటి రెండూ లేకపోతే రేపు సొంత రూటర్ కొన్నా అది మూగగా కూర్చుంటుంది. కొన్ని కంపెనీలు మొదట తగిలించిన రూటర్ హార్డ్‌వేర్ చిరునామాను గుర్తుపెట్టుకుని కొత్తదాన్ని రానివ్వవు. అప్పుడు ఫోన్ చేసి పాత చిరునామా తీసేయించాలి, లేదా కొత్త రూటర్‌లో పాతదాని చిరునామాను నకలు చేయాలి. వైఫై మీద చేసిన స్పీడ్ టెస్టును సాక్ష్యంగా ఒప్పుకోకూడదు, అందులో కంపెనీ తప్పెంతో గాలి తప్పెంతో విడదీయలేం.

పాతవారు వదిలి వెళ్లిన రూటర్‌ను వాడుకునేటట్టయితే వెనక ఉన్న సన్నని రంధ్రంలో పిన్నుతో 10 సెకన్లు నొక్కి రీసెట్ చేయనిదే వాడకూడదు. వారి ఓఎన్‌టీ మాత్రం రీసెట్ చేసినా కొత్త ఖాతాకి పనిచేయదు. దాని సీరియల్ నంబరు కంపెనీ రికార్డులో పాత ఖాతాకే ముడిపడి ఉంటుంది.

గదుల్లోకి: గోడలు, పొరుగు వైఫైలు

ఫోనులో వైఫై జాబితా తెరిస్తే అపార్ట్‌మెంట్ సమస్య అక్కడే కనిపిస్తుంది: ముప్ఫై పేర్లు. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. పక్క ఫ్లాట్ రూటర్ మాట్లాడుతుంటే ఇక్కడిది ఆగి వింటుంది. అంటే పొరుగువారి సినిమా ఇక్కడి సమయాన్ని తింటుంది.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలు దాటుతుంది, అదే దాని గుణమూ, దోషమూ. దాని ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో ప్రసారానికి కావాల్సింది 20. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 మాత్రమే. రద్దీగా ఉందని తెలివిగా 3నో 8నో పెట్టుకోవడం పొరపాటు. ఒకే ఛానెల్‌లో ఉన్న రూటర్లు ఒకదాన్నొకటి గుర్తించి వంతులు వేసుకుంటాయి. సగం సగం కలిసే ఛానెల్‌లో ఉన్నవాటికి అవతలి మాట అర్థం కాని రొదగానే వినిపిస్తుంది, ఇద్దరి పనీ చెడుతుంది. ఈ పట్టీలో ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచాలి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇక్కడే, 2.45 దగ్గర పనిచేస్తుంది. రూటర్‌కి ఆనుకుని ఉన్న యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు కూడా ఈ పట్టీలో రొద పుట్టిస్తుందన్నది చాలామందికి తట్టదు.

5 గిగాహెర్ట్జ్ కాంక్రీట్ గోడ దాటడానికి తంటాలు పడుతుంది. ఫ్లాట్లలో అది వరమే, ఎందుకంటే పొరుగువారిదీ ఇటు రాదు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ దీనిమీద ఉండాలి. వెడల్పు 80 బాగుంటుంది, మరీ రద్దీ ఉన్న భవనంలో 40కి తగ్గిస్తే వేగం అంకె తగ్గినా నిలకడ పెరుగుతుంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లవి. అవి ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆకర్షణీయమే. కానీ రాడార్ సంకేతం వినిపించిందంటే రూటర్ వెంటనే ఖాళీ చేయాలి, అలాంటి ఇంకో ఛానెల్‌లోకి వెళ్లాలంటే కనీసం 60 సెకన్లు వినాలి. ‘ఉన్నట్టుండి నిమిషం పాటు వైఫై మాయమై మళ్లీ వస్తోంది’ అన్నదానికి ఇదొక కారణం. అలా జరుగుతుంటే 36 నుంచి 48 మధ్య కట్టేయడమే మంచిది. 6 గిగాహెర్ట్జ్ పట్టీని వైఫైకి ఇచ్చిన దేశాల్లో వైఫై 6ఈ, వైఫై 7 పరికరాలు రెండు వైపులా ఉంటే రద్దీ సమస్య చాలావరకు తీరుతుంది, రూటర్ ఉన్న గదిలోనూ పక్క గదిలోనూ.

రూటర్‌ను నడుము ఎత్తులో, తెరిచి ఉన్న చోట పెట్టాలి. ఇనుప పెట్టెలో, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, పెద్ద అద్దం ఎదుట పెడితే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. ఫోనులో సిగ్నల్ బలం చూపే యాప్‌తో గదులన్నీ తిరిగి చూస్తే -67 డీబీఎం కంటే మెరుగ్గా ఉన్నచోట వీడియో కాల్ బాగుంటుంది. -75 కంటే పడిపోయాక పేజీలు తెరుచుకుంటాయి కానీ మాట తెగుతుంది.

దూరపు గదికి సిగ్నల్ అందనప్పుడు చాలామంది ముందుగా కొనేది రిపీటర్. అది విన్నదాన్నే మళ్లీ చెబుతుంది. ఒకే రేడియో మీద ప్రతి మాటా రెండుసార్లు గాలిలోకి వెళ్లడం వల్ల వేగం దాదాపు సగమవుతుంది. పైగా దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు, తనకే సరిగ్గా వినపడనిది అది ఇంకొకరికి ఏం చెబుతుంది? హాలుకీ ఆ గదికీ సగం దారిలో పెట్టాలి. ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెల మెష్ సెట్ కొనేటట్టయితే రెండు పెట్టెల మధ్య కేబుల్ వేస్తే దాని విలువ పూర్తిగా దక్కుతుంది.

అద్దె ఇంట్లో కేబుల్ అంటే గోడ కొట్టడమే కానక్కర్లేదు. చదునైన నెట్‌వర్క్ కేబుల్ తలుపు కింద నుంచి, స్కర్టింగ్ పైనుంచి వెళ్తుంది. జిగురు క్లిప్పులు కొత్తగా సున్నం వేసిన గోడకి కాకుండా చెక్కకి, టైల్‌కి అంటించాలి. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే పెయింటు ఊడిరాదు. కొనేటప్పుడు రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కాకుండా పూర్తి రాగి అని రాసి ఉన్నదే తీసుకోవాలి, పూతది వంచితే విరుగుతుంది. గదుల్లో ఖాళీగా ఉన్న టీవీ కేబుల్ సాకెట్లుంటే మోకా అడాప్టర్ల జతతో వాటినే నెట్‌వర్క్ దారిగా మార్చవచ్చు, గోడ ముట్టుకోకుండా గిగాబిట్‌కి దగ్గర వేగం వస్తుంది. కరెంటు తీగల మీద నడిచే అడాప్టర్లు పాత వైరింగ్‌లో ఎలా పనిచేస్తాయో పెట్టి చూస్తే తప్ప తెలియదు. వాటిని ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాకుండా నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి.

టీవీ, కంప్యూటర్ లాంటి కదలనివాటికి కేబుల్ ఇస్తే గాలిలో చోటు కదిలేవాటికి మిగులుతుంది. ఇంట్లోని వైఫైని బాగుచేయడానికి చవకైన దారి ఇదే.

కరెంట్ పోయినప్పుడు

ఓఎన్‌టీ, రూటర్ రెండూ కలిపి 12 వాట్ల దగ్గర తాగుతాయి. చిన్న డీసీ యూపీఎస్ మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే అది లోపలి 3.7 వోల్టుల సెల్ లెక్క, అంటే 37 వాట్-అవర్లు. 12 వాట్లకి మూడు గంటలు, వోల్టేజి పెంచడంలో పోయేది పోగా రెండున్నర. అడాప్టర్ మీద రాసిన వోల్టేజి యూపీఎస్‌తో సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు. 9 వోల్టుల రూటర్‌కి 12 పెడితే అది కాలిపోవచ్చు. పెట్టె అద్దెదైతే దాని ఖర్చూ మీద పడుతుంది.

తప్పు ఏ ముక్కలో ఉంది?

ముందు ఓఎన్‌టీ దీపాలు చూడాలి. ఎల్ఓఎస్ అని రాసిన దీపం ఎర్రగా వెలిగితే కాంతి రావడం లేదు. కనెక్టర్, మడత చూసి ఫిర్యాదు చేయడమే. రూటర్ రీస్టార్ట్ చేయడం వల్ల ఉపయోగం లేదు. పాన్ (ఫైబర్ లైన్) దీపం నిలకడగా పచ్చగా ఉండి నెట్ మాత్రం రాకపోతే లోపం లాగిన్‌లోనో, ఖాతాలోనో ఉంది.

నెట్ ఉంది కానీ తడబడుతోందంటే కంప్యూటర్‌లో చిన్న సందేశం పంపి జవాబుకి పట్టే సమయం కొలిచే పింగ్‌లు రెండు పక్కపక్కన నడపాలి: ఒకటి రూటర్ చిరునామాకి, రెండోది బయట ఇంటర్నెట్‌లో ఉన్న 1.1.1.1కి. వైఫై మీద రూటర్ పింగ్ 2 నుంచి 5 మిల్లీసెకన్ల మధ్య ఉండటం సహజం. అదే వందలకు ఎగురుతుంటే తప్పు ఇంట్లోని గాలిది, కంపెనీని తిట్టి లాభం లేదు. రూటర్ పింగ్ నిలకడగా ఉండి రెండోది ఎగురుతుంటే బయటిది. కేవలం రాత్రి 8 నుంచి 11 మధ్యే ఎగిరితే పంచుకున్న దారిలో రద్దీ.

ఒక మూడో రకం ఉంది. ఒకరు పెద్ద ఫైలు ఎక్కిస్తున్నంతసేపూ మిగతావారి కాల్స్ తెగుతాయి, ఆపగానే బాగుపడతాయి. పైకి వెళ్లే ఇరుకు దారి ముందు రూటర్ పొడవాటి క్యూ కట్టి చిన్న మాట ప్యాకెట్లను పెద్ద ఫైలు వెనక నిలబెట్టడం దీనికి కారణం. రూటర్‌లో ఎస్‌క్యూఎం లేదా స్మార్ట్ క్యూ అనే సెట్టింగు ఉంటే అందులో అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులను కొలిచిన వేగంలో 90 శాతానికి పెట్టాలి. పైపైన పది శాతం పోగొట్టుకున్నట్టుంటుంది, కాల్స్ మాత్రం నిలబడతాయి. ఇలాంటి చోట ప్లాన్ డౌన్‌లోడ్ పెంచుకోవడం డబ్బు దండగ.

ఖాళీ చేసేటప్పుడు

కనెక్షన్ ఆపమని కనీసం నోటీసు కాలం ముందే రాతలో చెప్పాలి. బిల్లు కట్టడం మానేస్తే అదే ఆగిపోతుందనుకుంటే బకాయిగా పేరుకుంటుంది, పోర్టూ విడుదల కాదు. ఓఎన్‌టీ, రూటర్, వాటి అడాప్టర్లు తిరిగిచ్చేటప్పుడు సీరియల్ నంబర్ల ఫోటో తీసి, రసీదు తీసుకోవాలి. అడాప్టర్ మరిచిపోతే దానికీ విడిగా కట్టించుకునే కంపెనీలున్నాయి. సొంత రూటర్, మెష్ పెట్టెలు, చదునైన కేబుల్ వెంట తీసుకెళ్లొచ్చు. గోడలోంచి వచ్చిన ఫైబర్‌ను మాత్రం కత్తిరించకూడదు. కనెక్టర్‌కి మూత పెట్టి, అరచేతి వెడల్పున చుట్టచుట్టి, తెల్ల పెట్టెలో పెట్టి, పెట్టె మీద కంపెనీ పేరూ కనెక్షన్ ఆపిన తేదీ రాసిన చీటీ అంటించి వదిలేస్తే తర్వాత దిగేవారికి పోర్టు వెతికే పని తప్పుతుంది.